మోడెంతో కమాండ్ లైన్ నుంచి ఎస్సెమ్మెస్ పంపడం ఎలా

"మూలన పడేసిన పాత డాంగిల్‌తో కంప్యూటర్ నుంచి ఎస్సెమ్మెస్ పంపొచ్చా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ తగ్గలేదు. పంపొచ్చు. డాంగిల్ అంటే సిమ్ వేసి కంప్యూటర్‌కు గుచ్చే చిన్న మోడెం. ఇంటర్నెట్ అక్కర్లేదు. నెలనెలా డబ్బు కట్టి మెసేజ్‌లు పంపించుకునే ఆన్‌లైన్ సేవ, అంటే ఎస్సెమ్మెస్ గేట్‌వే కూడా అక్కర్లేదు. ఆఫీసులో నెట్ పోయిందని చెప్పాల్సిన అలర్ట్ ఆ నెట్ మీదే ఆధారపడితే ఎందుకూ కొరగాదు. పొలం దగ్గర మోటారుకు కరెంటు వచ్చిందని తెలియాలన్నా, అపార్ట్‌మెంట్ ట్యాంకు నిండిందని వాచ్‌మన్‌కు చెప్పాలన్నా అవతలివాళ్లకు స్మార్ట్‌ఫోనే ఉండాలన్న రూలు లేదు. ఇలాంటి చోట ఎస్సెమ్మెస్ ఇంకా గట్టిగానే పనిచేస్తుంది.

అయితే చాలామంది నెట్‌లో దొరికిన స్క్రిప్టుతో మొదలుపెడతారు. అది పనిచేయదు. ఇక స్క్రిప్టులో తప్పు వెతకడం మొదలవుతుంది. తప్పు మాత్రం సిమ్‌లోనో, సిగ్నల్‌లోనో, పోర్టులోనో ఉంటుంది. అందుకే ఇక్కడ ముందు మోడెంతో చేత్తోనే మాట్లాడదాం. ఒక మెట్టు దగ్గర సరైన జవాబు వచ్చేదాకా తర్వాతి మెట్టు ఎక్కొద్దు.

కమాండ్లను ఎలా చదవాలి

కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను. మీరు టైపు చేయాల్సింది ఇంగ్లీషు అక్షరాల్లో. ఉదాహరణకు ఏటీ+సీఎంజీఎఫ్=1 అని ఉంటే వరసగా ఏ, టీ, ప్లస్ గుర్తు, సీ, ఎం, జీ, ఎఫ్, ఈక్వల్ గుర్తు, ఒకటి. మధ్యలో ఖాళీలు ఉండవు. మోడెం కమాండ్లన్నీ పెద్ద అక్షరాల్లో కొట్టండి. లినక్స్ కమాండ్లు చిన్న అక్షరాల్లో, నేను వేరేగా చెప్పిన చోట తప్ప. కోట్ గుర్తులు నిటారుగా ఉండేవే వాడాలి. వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో కాపీ చేస్తే వంకర కోట్లు వచ్చి పడతాయి, మోడెం వాటిని ఒప్పుకోదు.

ఏమేం కావాలి

మోడెం: హువావే ఈ173, ఈ1550, జడ్‌టీఈ ఎంఎఫ్190 లాంటి పాత 3జీ యూఎస్‌బీ డాంగిళ్లు ఈ పనికి బంగారం. నెట్ కోసం ఇప్పుడు వీటిని ఎవరూ కొనరు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతాయి. కొనేముందు మూడు విషయాలు అడగండి. ఒకటి, అది ఒకే కంపెనీ సిమ్‌కు లాక్ అయి ఉందా? రెండు, సీడీఎంఏ (జీఎస్ఎం కాని వేరే రకం నెట్‌వర్క్) డాంగిలా? అయితే వద్దు, ఆ సేవలు మన దగ్గర మూతపడ్డాయి. మూడు, హైలింక్ రకమా? ఈ3372హెచ్ లాంటి హైలింక్ డాంగిళ్లు కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తాయి. బ్రౌజర్‌లో 192.168.8.1 కొడితే వాటి పేజీ వస్తుంది. వాటితోనూ మెసేజ్ పంపొచ్చు గానీ ఆ దారి పూర్తిగా వేరు, కింది మెట్లు వాటికి వర్తించవు. అదే మోడల్‌లో చివర ఎస్ ఉన్న ఈ3372ఎస్ అయితే ఈ పనికి వస్తుంది.

సిమ్: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జియోకు 2జీ, 3జీ నెట్‌వర్కులు లేవు, అది 4జీతోనే మొదలైంది. కాబట్టి 3జీ డాంగిల్‌లోనో, సిమ్800ఎల్, సిమ్900ఏ లాంటి చిన్న బోర్డుగా వచ్చే 2జీ మాడ్యూల్‌లోనో జియో సిమ్ పెడితే నెట్‌వర్క్ ఎన్నటికీ దొరకదు. ఎయిర్‌టెల్, వీఐ సిమ్‌లు 2జీ మీద పనిచేస్తాయి. 3జీ డాంగిల్‌లో ఎయిర్‌టెల్ సిమ్ పెడితే అది 2జీకి దిగిపోతుంది. నెట్‌కు అది నరకమే గానీ ఎస్సెమ్మెస్‌కు చాలు. బీఎస్ఎన్ఎల్ అయితే మీ ఊళ్లో సిగ్నల్ ఎలా ఉందో ముందు ఫోనులో చూసుకోండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది. ఆస్ట్రేలియాలోనూ 2024లో 3జీ కథ ముగిసింది. అక్కడ పాత డాంగిల్ జోలికి పోకుండా క్వెక్టెల్ ఈసీ25, సిమ్7600 లాంటి 4జీ మోడెం తీసుకోండి. కమాండ్లు దాదాపు ఇవే.

ఇవి కాక ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ ఉన్న కంప్యూటర్ లేదా "రాస్ప్‌బెర్రీ పై" అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి, పరీక్షించడానికి మీ చేతిలో మరో ఫోను, వీలైతే ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కావాలి. కేబుల్ ఉంటే డాంగిల్‌ను కిటికీ దగ్గర పెట్టుకోవచ్చు.

టెర్మినల్ తెరిచి ప్యాకేజీలు ఇలా వేసుకోండి. మొదటిది డాంగిల్‌ను మోడెంగా మారుస్తుంది, మినికామ్‌తో మోడెంతో మాట్లాడతాం, గమ్ము (జీ, ఏ, ఎం, ఎం, యూ) మెసేజ్‌లు పంపుతుంది:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ మినికామ్ గమ్ము

1. ముందు సిమ్‌ను ఫోనులో పరీక్షించండి

సిమ్‌ను డాంగిల్‌లో పెట్టే ముందు మామూలు ఫోనులో పెట్టి, అందులోంచి మీ రెండో ఫోనుకు ఒక మెసేజ్ పంపండి. అది వెళ్లకపోతే మోడెంతోనూ వెళ్లదు. రీచార్జ్ గడువు అయిపోయిందా, మీ ప్యాక్‌లో ఎస్సెమ్మెస్‌లు ఉన్నాయా అన్నది ఇప్పుడే తేలిపోతుంది. సిమ్ పోయిందనో పాడైందనో కొత్తది మార్పించుకుని ఉంటే, యాక్టివేట్ అయిన 24 గంటల దాకా ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. ఓటీపీ మోసాల వల్ల టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. ఆ ఒక్క రోజు ఆగండి.

ఫోనులో ఉండగానే ఇంకో రెండు పనులు కానివ్వండి: సిమ్ పిన్ లాక్ ఉంటే తీసేయండి, సిమ్‌లో దాచి ఉన్న పాత మెసేజ్‌లను చెరిపేయండి.

2. డాంగిల్‌ను కంప్యూటర్ మోడెంగా గుర్తించిందా?

డాంగిల్ గుచ్చి అర నిమిషం ఆగి ఈ కమాండ్ కొట్టండి:

ఎల్ఎస్‌యూఎస్‌బీ

వచ్చిన జాబితాలో హువావే అయితే 12డీ1 తోనూ, జడ్‌టీఈ అయితే 19డీ2 తోనూ మొదలయ్యే లైను ఉంటుంది. తర్వాత ఇది:

ఎల్ఎస్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ*

(డెవ్ అంటే డీ, ఈ, వీ. టీటీవై చిన్న అక్షరాలు, యూఎస్‌బీ పెద్ద అక్షరాలు.) టీటీవైయూఎస్‌బీ0, 1, 2 అని రెండు మూడు పేర్లు (ఇవే మోడెంతో మాట్లాడే పోర్టులు) కనిపిస్తే మూడో మెట్టుకు వెళ్లండి.

ఏమీ కనిపించలేదా? ఈ డాంగిళ్లు మొదట సీడీ డ్రైవ్ వేషంలో లేస్తాయి. విండోస్ డ్రైవర్లు అందులోనే ఉంటాయి కాబట్టి అలా తయారుచేశారు. ఆ వేషం తీయించి మోడెంగా మార్చే పని యూఎస్‌బీ మోడ్‌స్విచ్‌ది. మామూలుగా అదే చేసేస్తుంది. మీ హువావే డాంగిల్ 12డీ1:1446 దగ్గరే ఆగిపోతే చేత్తో మార్చండి:

సుడో యూఎస్‌బీ_మోడ్‌స్విచ్ -వీ 12డీ1 -పీ 1446 -జే

ఇందులో వీ, పీ చిన్నవి, జే పెద్దది. మీ దాంట్లో రెండో సంఖ్య వేరేగా ఉంటే అదే రాయండి. మార్పు జరిగాక ఎల్ఎస్‌యూఎస్‌బీలో ఆ సంఖ్య మారిపోవాలి. సంఖ్య మారినా పోర్టులు రాకపోతే "సుడో మోడ్‌ప్రోబ్ ఆప్షన్" కొట్టండి. ఆప్షన్ అన్నది ఆ డ్రైవర్ పేరు.

డాంగిల్ మాటిమాటికీ కనపడుతూ మాయమవుతూ ఉంటే అది సాఫ్ట్‌వేర్ గొడవ కాదు, పవర్ చాలడం లేదు. రాస్ప్‌బెర్రీ పై దగ్గర ఇది మామూలే. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టండి. సిమ్800ఎల్ మాడ్యూల్ వాడేవాళ్లు మరీ జాగ్రత్త. దానికి 3.4 నుంచి 4.4 వోల్టులే ఇవ్వాలి, సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. నేరుగా 5 వోల్టులు ఇస్తే కాలిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డులోని 3.3 వోల్టుల పిన్ నుంచి ఇస్తే మెసేజ్ పంపబోయే ప్రతిసారీ రీసెట్ అవుతుంది.

3. అనుమతులు, పోర్టు కోసం పోటీ

పర్మిషన్ లేదన్న ఎర్రర్ వస్తే మీ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చాలి:

సుడో యూజర్‌మాడ్ -ఏజీ డయల్‌అవుట్ మీ_యూజర్_పేరు

ఏ చిన్నది, జీ పెద్దది. ఆ ఏ మరచిపోయి ఒక్క జీనే కొడితే మిగతా గ్రూపులన్నింటి నుంచీ, సుడోతో సహా, మీ పేరు ఎగిరిపోతుంది. ఎంటర్ కొట్టే ముందు ఒకసారి చూసుకోండి. తర్వాత లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి, లేకపోతే మార్పు అమల్లోకి రాదు.

రెండో తలనొప్పి మోడెంమేనేజర్. డెస్క్‌టాప్ ఉబుంటులో ఇది ముందే నడుస్తూ ఉంటుంది. డాంగిల్ కనపడగానే పట్టుకుని, మధ్యమధ్యలో తన ప్రశ్నలు తను అడుగుతుంటుంది. మీరు అదే పోర్టులో మాట్లాడబోతే జవాబులు సగం మీకు, సగం దానికి వెళ్తాయి. ఆపేయండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మోడెంమేనేజర్

మోడెం, మేనేజర్ రెండింటికీ మొదటి ఎం పెద్దది. అదే డాంగిల్‌తో నెట్ కూడా వాడుతుంటే మాత్రం దీన్ని ఆపకండి, నెట్ పోతుంది. మీకు తొమ్మిదో మెట్టులో వేరే దారి ఉంది.

4. మోడెంతో మాట కలపండి

మినికామ్ -డీ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 -బీ 115200

డీ పెద్దది, బీ చిన్నది. తెర ఖాళీగా వస్తుంది. అందులో ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. మోడెం "ఓకే" అనాలి.

అనకపోతే ఈ పోర్టు కాదన్నమాట. బయటికి రావడానికి కంట్రోల్, ఏ కలిపి నొక్కి వదిలి, ఎక్స్ నొక్కండి. తర్వాత 1, 2 పోర్టులు వరసగా చూడండి. ఒక్కో మోడల్‌లో ఒక్కో పోర్టు పలుకుతుంది, రెండు పోర్టులు పలికినా ఆశ్చర్యం లేదు. ఓకే వస్తోంది గానీ మీరు కొట్టే అక్షరాలు కనబడకపోతే ఏటీఈ1 కొట్టండి.

హువావే డాంగిళ్లలో మరో చికాకు ఉంది. మీరు అడగకపోయినా రెండు మూడు క్షణాలకోసారి ఆర్ఎస్ఎస్ఐ అనో బూట్ అనో లైన్లు వచ్చి పడుతుంటాయి. పట్టించుకోనక్కర్లేదు. వద్దనుకుంటే:

ఏటీ^సీయూఆర్‌సీ=0

5. పంపే ముందు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

సాయం అడిగేవాళ్లకు నేను ముందుగా పంపమనేది ఈ నాలుగింటి జవాబులే. ఇవి సరిగ్గా ఉన్నాయంటే పని అయినట్టే.

ఏటీ+సీపీఐఎన్?
"రెడీ" అని రావాలి. "సిమ్ పిన్" అని వస్తే సిమ్ లాక్‌లో ఉంది. ఏటీ+సీపీఐఎన్="మీ పిన్" అని ఇవ్వండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే (ఆ లాక్ తీసే కోడ్) అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే సిమ్ పనికిరాకుండా పోతుంది. ఊహించి కొట్టకండి. "సిమ్ పీయూకే" అని వస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఆ నంబరు తీసుకోండి.

ఏటీ+సీఎస్‌క్యూ
రెండు సంఖ్యలు వస్తాయి, మొదటిది చూడండి. 0 నుంచి 31 దాకా ఉంటుంది, ఎక్కువైతే మంచిది. 10 దాటితే నిశ్చింత. అయిదారు ఉంటే ఒకసారి వెళ్తుంది, ఒకసారి వెళ్లదు. అలాంటప్పుడు "నిన్న పనిచేసింది, ఇవాళ చేయడం లేదు" అని జుట్టు పీక్కుంటారు. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను కిటికీ దగ్గరికి జరిపి మళ్లీ అడగండి. 99 వస్తే సిగ్నల్ గురించి మోడెంకు ఏమీ తెలియడం లేదని అర్థం.

ఏటీ+సీఆర్ఈజీ?
ఇక్కడ రెండో అంకె ముఖ్యం. 1 అంటే సొంత నెట్‌వర్క్‌లో నమోదైంది, 5 అంటే రోమింగ్‌లో నమోదైంది. రెండూ మంచివే. 2 అంటే ఇంకా వెతుకుతోంది, ఒకటి రెండు నిమిషాలు ఆగి అడగండి. 3 అంటే నెట్‌వర్క్ రానివ్వడం లేదు. గడువు తీరిన సిమ్, బ్లాక్ అయిన సిమ్ దీనికి కారణం కావొచ్చు. జియో సిమ్ పెట్టిన 3జీ డాంగిల్ ఎప్పటికీ 1కి రాదు. 4జీ మోడెంలో 6 కనిపిస్తే కంగారు పడకండి, ఎస్సెమ్మెస్‌ల వరకే నమోదైందని అర్థం. మనకు కావాల్సిందీ అదే.

ఏటీ+సీఎస్‌సీఏ?
+91తో మొదలయ్యే నంబరు ఒకటి రావాలి. మీ మెసేజ్ ముందు వెళ్లేది ఆ కేంద్రానికే. కోట్ల మధ్య ఏమీ లేకుండా వస్తే సిమ్‌ను ఫోనులో పెట్టి, మెసేజ్ సెట్టింగుల్లో మెసేజ్ సెంటర్ నంబరు చూసి, ఏటీ+సీఎస్‌సీఏ="ఆ నంబరు" అని ఇవ్వండి. నెట్‌లో దొరికే జాబితాల నుంచి తీసుకోవద్దు, ఈ నంబరు కంపెనీని బట్టి, సర్కిల్‌ను బట్టి మారుతుంది.

6. మొదటి మెసేజ్

ముందు ఈ మూడు కమాండ్లు, ఒక్కోదానికి ఓకే వచ్చాక తర్వాతిది:

ఏటీ+సీఎంఈఈ=1
ఏటీ+సీఎంజీఎఫ్=1
ఏటీ+సీఎస్‌సీఎస్="ఐఆర్ఏ"

మొదటిది ఎర్రర్లను సంఖ్యలతో చెప్పమంటుంది. రెండోది టెక్స్ట్ పద్ధతి. మూడోది అక్షరాల పట్టిక. ఇక్కడ చాలామంది "జీఎస్ఎం" అని రాస్తారు, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మెసేజ్‌లో ఈమెయిల్ అడ్రస్ ఉంటే @ స్థానంలో తలకిందులైన ఆశ్చర్యార్థకం చేరుతుంది, డాలర్ గుర్తూ అండర్‌స్కోరూ కూడా మారిపోతాయి. ఐఆర్ఏ పెట్టుకుంటే ఆ బాధ లేదు.

ఇప్పుడు నంబరు:

ఏటీ+సీఎంజీఎస్="+91పది అంకెల నంబరు"

ఎంటర్ కొట్టగానే > గుర్తు వస్తుంది. దాని పక్కన మెసేజ్ ఇంగ్లీషులో టైపు చేసి, ఎంటర్ కాదు, కంట్రోల్, జడ్ కలిపి నొక్కండి. ఎంటర్ కొడితే మెసేజ్‌లో కొత్త లైను వస్తుంది తప్ప మెసేజ్ కదలదు. "ఎంతసేపు చూసినా ఏమీ కాలేదు" అనేవాళ్లలో చాలామంది కంట్రోల్ జడ్ నొక్కనివాళ్లే. పంపొద్దనుకుంటే ఎస్కేప్ నొక్కండి.

నాలుగైదు క్షణాల్లో +సీఎంజీఎస్: 12 లాంటి లైను, కింద ఓకే రావాలి. ఆ సంఖ్య మీ మెసేజ్ రెఫరెన్స్. 255 దాకా పోయి మళ్లీ 0కి వస్తుంది, కాబట్టి దాన్ని బిల్లు నంబరులా దాచుకోవడం కుదరదు.

7. వెళ్లిందని ఎలా నమ్మాలి, వెళ్లకపోతే ఏం చూడాలి

ఓకే వచ్చిందంటే మీ మెసేజ్‌ను కంపెనీ కేంద్రం తీసుకుంది, అంతే. అవతలి ఫోనుకు చేరిందని కాదు. చేరినట్టు రసీదు కావాలంటే పంపే ముందు ఈ రెండూ ఇవ్వండి:

ఏటీ+సీఎస్ఎంపీ=49,167,0,0
ఏటీ+సీఎన్ఎంఐ=2,1,0,1,0

167 అంటే మెసేజ్‌ను 24 గంటల పాటు ప్రయత్నించమని. 49 ఉన్నచోట 17 రాస్తే రసీదు అడగనట్టు. అవతల ఫోనుకు మెసేజ్ చేరాక +సీడీఎస్ అని ఒక లైను వస్తుంది. దాని చివరి సంఖ్య 0 అయితే చేరింది. 32 నుంచి 63 మధ్య ఉంటే ఇంకా ప్రయత్నిస్తోంది, ఫోను ఆఫ్‌లో ఉండొచ్చు. 64, ఆపైన ఉంటే ఇక ప్రయత్నించదు. కొన్ని డాంగిళ్లు సీఎన్ఎంఐకి ఈ అంకెలను ఒప్పుకోవు. ఏటీ+సీఎన్ఎంఐ=? అని అడిగితే తమకు ఏవి నచ్చుతాయో అవే చెబుతాయి.

తరచూ కనబడే ఎర్రర్ సంఖ్యలు ఇవి. 310 అంటే సిమ్ లేదు, లేదా సరిగ్గా కూర్చోలేదు. 311 పిన్ అడుగుతోంది. 322 మెమరీ నిండింది, ఏటీ+సీఎంజీడీ=1,4 కొడితే దాచినవన్నీ పోతాయి. అక్కర ఉన్నవేమైనా ఉంటే ముందు ఏటీ+సీఎంజీఎల్="ఆల్" తో చదువుకోండి. 330 కేంద్రం నంబరు లేదు, అయిదో మెట్టులోని నాలుగో ప్రశ్నకు వెళ్లండి. 331 నెట్‌వర్క్ లేదు. 305 టెక్స్ట్ పద్ధతిలో ఏదో విలువ తప్పు, ఎక్కువగా సీఎస్ఎంపీలో. 21, 38, 50 లాంటి చిన్న సంఖ్యలు నెట్‌వర్క్ వైపు నుంచి వచ్చేవి. అప్పుడు బ్యాలెన్సు, ప్యాక్ గడువు, రోజువారీ కోటా చూడండి. చాలా అన్‌లిమిటెడ్ ప్యాక్‌లలో రోజుకు 100 ఎస్సెమ్మెస్‌లే ఉంటాయి, పరీక్షల పేరుతో లూపు తిప్పితే మధ్యాహ్నానికే అయిపోతాయి. ఇక 500 అంటే "తెలియని తప్పు". దాన్నుంచి నేర్చుకునేదేమీ లేదు. డాంగిల్ పీకి మళ్లీ గుచ్చి, అయిదో మెట్టు నుంచి మొదలుపెట్టండి.

డాంగిల్ పీకిన ప్రతిసారీ సీఎంజీఎఫ్, సీఎస్‌సీఎస్, సీఎస్ఎంపీ మొదటికి వస్తాయని గుర్తుంచుకోండి.

8. తెలుగులో పంపాలంటే

ఇంగ్లీషు మెసేజ్‌కు 160 అక్షరాలు, తెలుగుకు 70. అయితే ఈ 70 మనం బడిలో లెక్కపెట్టే అక్షరాలు కావు. ఒత్తు, గుణింతం, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" కంటికి ఒకటే, మోడెం లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. "మోటారుకు కరెంటు వచ్చింది" 24 అవుతుంది. తెలుగు కీబోర్డుతో "కంప్యూటర్‌లో" లాంటివి కొట్టేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తొకటి చేరుతుంది, దానికీ ఒకటి పోతుంది. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67. ప్రతి ముక్కా మీ రోజువారీ కోటాలో ఒక ఎస్సెమ్మెస్.

ఇంగ్లీషు మెసేజ్‌లో పెట్టిన ఒక్క రూపాయి గుర్తు కూడా మొత్తాన్ని, అన్ని భాషల లిపులనూ సంఖ్యలుగా రాసే యూనికోడ్‌కు మార్చి 160ని 70 చేసేస్తుంది. మధ్యలో ₹ బదులు ఇంగ్లీషు ఆర్, ఎస్ అక్షరాలు రాసుకోండి.

చేత్తో పంపే పద్ధతి ఇది:

ఏటీ+సీఎంజీఎఫ్=1
ఏటీ+సీఎస్ఎంపీ=17,167,0,8
ఏటీ+సీఎస్‌సీఎస్="యూసీఎస్2"

చివరి 8 యూనికోడ్ అని చెబుతుంది. ఇక ఆరో మెట్టులోలాగే ఏటీ+సీఎంజీఎస్ ఇవ్వండి, కానీ ఇక్కడి నుంచి కోట్లలో రాసేదీ, మెసేజూ అంతా యూనికోడ్ సంఖ్యల్లోనే ఉండాలి. ఫోను నంబరు కూడా! ఇది తెలియకే చాలామంది ఆగిపోతారు. + గుర్తు 002బీ, 9 అంటే 0039, 1 అంటే 0031. అంటే నంబరు 002బీ00390031 అని మొదలై, మిగతా పది అంకెల్లో ప్రతిదాని ముందూ 003 చేర్చాలి. "సరే" అన్న మెసేజ్ 0సీ380సీ300సీ47 అవుతుంది: స, ర, ఏత్వం.

సంఖ్యలు మీరే కూర్చుకోనక్కర్లేదు:

ప్రింట్ఎఫ్ 'సరే' | ఐకాన్వ్ -ఎఫ్ యూటీఎఫ్-8 -టీ యూటీఎఫ్-16బీఈ | ఎక్స్ఎక్స్‌డీ -యూ -పీ -సీ 256

(యూటీఎఫ్, బీఈ పెద్ద అక్షరాలు, మిగతావన్నీ చిన్నవి. ఐకాన్వ్ అంటే ఐ, సీ, ఓ, ఎన్, వీ.) చివర 256 పెట్టకపోతే పొడుగు మెసేజ్‌ను రెండు మూడు లైన్లుగా విరిచి ఇస్తుంది, అది మోడెంకు పనికిరాదు.

పని అయ్యాక సీఎస్ఎంపీని 17,167,0,0కి, సీఎస్‌సీఎస్‌ను ఐఆర్ఏకి మార్చేయండి. మార్చకపోతే తర్వాత పంపే ఇంగ్లీషు మెసేజ్ ఎర్రర్ ఇస్తుంది, లేదా అవతల చైనా లిపిలా తేలుతుంది. "మా మోడెం చైనీస్ పంపుతోంది" అని ఎవరైనా అంటే కారణం దాదాపు ఇదే.

9. ఒకే లైనులో పంపడం

చేత్తో వెళ్లిందంటే ఇక గమ్ముకు అప్పగించొచ్చు. ఈ పనికి నా ఓటు దానికే. ముక్కలు చేయడం, యూనికోడ్ అన్నీ అదే చూసుకుంటుంది. మీ హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే .గమ్ముఆర్‌సీ అన్న ఫైలు తెరిచి ఈ మూడు లైన్లు రాయండి:

[గమ్ము]
డివైస్ = /డెవ్/టీటీవైయూఎస్‌బీ0
కనెక్షన్ = ఏటీ115200

పోర్టు నాలుగో మెట్టులో ఓకే చెప్పినదే కావాలి. మినికామ్ మూసేయడం మరచిపోకండి, ఒకే పోర్టులో ఇద్దరు మాట్లాడలేరు. "గమ్ము ఐడెంటిఫై" కొడితే మోడెం పేరు, ఐఎంఈఐ వస్తాయి. వస్తే పంపండి:

గమ్ము సెండ్ఎస్ఎంఎస్ టెక్స్ట్ +91నంబరు -టెక్స్ట్ "మెసేజ్"

మొదటి టెక్స్ట్ పెద్ద అక్షరాల్లో, రెండోది చిన్న అక్షరాల్లో. తెలుగైతే చివర -యూనికోడ్ చేర్చండి. పొడుగు మెసేజ్ అయితే -ఆటోలెన్ 400 లాంటిది పెట్టండి, లేకపోతే ఒక్క మెసేజ్‌కు సరిపడా పంపి మిగతాది కోసేస్తుంది. రసీదుకు -రిపోర్ట్.

మోడెంమేనేజర్‌ను ఆపలేనివాళ్లకు దాని సొంత కమాండే ఉంది. "ఎంఎంసీఎల్ఐ -ఎల్" (చివరి ఎల్ పెద్దది) కొడితే మోడెం సంఖ్య వస్తుంది. అది 0 అనుకుంటే:

ఎంఎంసీఎల్ఐ -ఎం 0 --మెసేజింగ్-క్రియేట్-ఎస్ఎంఎస్="టెక్స్ట్='మెసేజ్',నంబర్='+91నంబరు'"

ఇది మెసేజ్‌ను తయారుచేస్తుంది తప్ప పంపదు. అది ఇచ్చిన మెసేజ్ సంఖ్యతో "ఎంఎంసీఎల్ఐ -ఎస్ 0 --సెండ్" కొడితేనే వెళ్తుంది. మొదటి కమాండ్‌తో ఆగిపోయి వెళ్లలేదని అనుకునేవాళ్లు ఉన్నారు.

ఏ ప్యాకేజీ వేసుకోలేని చోట, షెల్ (కమాండ్లు కొట్టే తెర) ఒక్కటే ఉంటే ఇలా గట్టెక్కొచ్చు. ముందు పోర్టును సిద్ధం చేయండి, ఇందులో ఎఫ్ ఒక్కటే పెద్దది, రా అంటే ఆర్, ఏ, డబ్ల్యూ:

ఎస్‌టీటీవై -ఎఫ్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0 115200 రా -ఎకో

తర్వాత:

ప్రింట్ఎఫ్ 'ఏటీ+సీఎంజీఎఫ్=1\015' > /డెవ్/టీటీవైయూఎస్‌బీ0
ప్రింట్ఎఫ్ 'ఏటీ+సీఎంజీఎస్="+91నంబరు"\015' > /డెవ్/టీటీవైయూఎస్‌బీ0
ప్రింట్ఎఫ్ 'మెసేజ్\032' > /డెవ్/టీటీవైయూఎస్‌బీ0

ప్రతి రెండింటి మధ్యా "స్లీప్ 1" పెట్టండి. \015 మోడెంకు ఎంటర్, \032 కంట్రోల్ జడ్. ప్రింట్ఎఫ్ బదులు ఎకో వాడితే చివర వేరే గుర్తు పడుతుంది, మోడెం పలకదు. మెసేజ్‌లో % ఉంటే రెండుసార్లు %% రాయాలి. ఇది గుడ్డిగా పంపడమే, జవాబు చదవదు. రెండో టెర్మినల్‌లో "క్యాట్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0" తెరిచి ఉంచితే జవాబులు అక్కడ కనిపిస్తాయి.

విండోస్ వాళ్లు డివైస్ మేనేజర్‌లో మోడెం పోర్టు చూసి, పుటీ అనే ప్రోగ్రాంలో సీరియల్ ఎంచుకుని ఆ కామ్ నంబరు ఇస్తే నాలుగు నుంచి ఎనిమిదో మెట్టు దాకా అంతా ఇదే. ఎనిమిదిలో సంఖ్యలు తయారుచేసే లినక్స్ లైను మాత్రం అక్కడ నడవదు. డాంగిలే దొరకలేదా? పాత ఆండ్రాయిడ్ ఫోనులో ఎఫ్‌డ్రాయిడ్ అనే యాప్ స్టోరు నుంచి టెర్మక్స్ (ఫోనులో లినక్స్ టెర్మినల్), టెర్మక్స్ ఏపీఐ యాప్‌లు వేసుకుని, టెర్మక్స్ లోపల టెర్మక్స్-ఏపీఐ ప్యాకేజీ కూడా వేసి, "టెర్మక్స్-ఎస్ఎంఎస్-సెండ్ -ఎన్ నంబరు మెసేజ్" కొట్టండి. జియో సిమ్ ఒక్కటే ఉన్నవాళ్లకు ఇదే తేలిక దారి.

10. దానంతట అది పంపేలా

లినక్స్‌లో చెప్పిన వేళకు కమాండ్లు నడిపే ఏర్పాటు పేరు క్రాన్. క్రాన్‌లో పెట్టాక "చేత్తో కొడితే వెళ్తోంది, క్రాన్‌లో వెళ్లడం లేదు" అన్న మాట తప్పకుండా వస్తుంది. కారణాలు మూడే. ఒకటి, రూట్ (అడ్మిన్ యూజర్) క్రాన్‌లో నడిస్తే మీ హోమ్ ఫోల్డరులోని గమ్ము ఫైలు దానికి కనబడదు, "గమ్ము -సీ" పక్కన ఫైలు పూర్తి దారి ఇవ్వండి. రెండు, క్రాన్‌కు మీ భాష సెట్టింగులు తెలియవు కాబట్టి తెలుగు మెసేజ్ ప్రశ్నార్థకాలుగా వెళ్తుంది. క్రాన్ ఫైలు పైన ల్యాంగ్=సీ.యూటీఎఫ్-8 లైను పెట్టండి, అన్నీ పెద్ద అక్షరాల్లో. మూడు, డాంగిల్ పీకి గుచ్చాక పోర్టు నంబరు మారిపోయి ఉండొచ్చు. /డెవ్/సీరియల్/బై-ఐడీ ఫోల్డరులో ఉండే పొడుగు పేరు వాడితే ఆ మార్పు బాధ ఉండదు.

ఒకేసారి రెండు అలర్ట్‌లు వచ్చి పోర్టు కోసం కొట్టుకునే పరిస్థితి ఉంటే గమ్ము ఎస్ఎంఎస్‌డీ పెట్టుకోండి. అది మెసేజ్‌లను వరసలో పెట్టి ఒక్కొక్కటిగా పంపుతుంది, వెళ్లనివాటిని మళ్లీ ప్రయత్నిస్తుంది. మీ స్క్రిప్టులో ఎక్కడో ఒకచోట హద్దు కూడా పెట్టండి, ఒకే అలర్ట్ పావుగంటలో రెండోసారి వెళ్లకుండా. కరెంటు వస్తూ పోతూ ఉన్న రాత్రి మీ వంద ఎస్సెమ్మెస్‌లూ అలాగే కరిగిపోతాయి.

దీన్ని షాపు ఆఫర్లు చెప్పడానికో, కోచింగ్ సెంటర్ ప్రచారానికో వాడదామనుకుంటే ఇక్కడే ఆపేయండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం వ్యాపార మెసేజ్‌లు డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ) నమోదై, ఆమోదం పొందిన హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్‌తోనే వెళ్లాలి. మామూలు పది అంకెల సిమ్ నుంచి పంపితే అందుకున్నవాళ్లు 1909కి ఫిర్యాదు చేస్తారు, నంబరు కట్ అవుతుంది. మీ ఇంటివాళ్లకు, మీ టీముకు, అడిగి ఒప్పించుకున్న నలుగురికి పంపే అలర్ట్‌ల వరకే ఈ పద్ధతి.